నీటి కింద నగరం, చేతిలో తుపాకి

తెలుగు పత్రికల్లో షూటర్ గేమ్‌ల ప్రస్తావన ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఆటకు బానిసై చదువు పాడుచేసుకున్న కుర్రాడి వార్త ఒకటి, ప్రభుత్వం ఏదో ఒక ఆటను నిషేధించిన వార్త రెండోది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ నిషేధం వచ్చినప్పుడు మన ఇళ్ళలో నడిచిన చర్చంతా పిల్లలు, కళ్ళు, ఫోన్లు, హింస చుట్టూ తిరిగింది. ఆ ఆందోళనలో నిజం లేదని నేననను. అయితే సరిగ్గా ఆ జాతి ఆటల్లోనే, తుపాకి పట్టుకుని ఆడే ఆటల్లోనే, గత పాతికేళ్ళలో సాహిత్యం చదివేవాళ్ళు పట్టించుకోదగిన కథలు కొన్ని వచ్చాయి. సముద్రం అడుగున కట్టిన నగరం, మబ్బుల్లో తేలే నగరం, తిమింగలాల నూనెతో వెలిగే నగరం వాటిలో ఉన్నాయి. నవలకూ సినిమాకూ ఇచ్చే శ్రద్ధ వాటికి మన దగ్గర ఇంకా దొరకలేదు.

ఆడనివాళ్ళ కోసం ఒక్క మాట. ఫస్ట్ పర్సన్ షూటర్‌లో మీ పాత్ర మీకు కనిపించదు. దాని కళ్ళతోనే లోకాన్ని చూస్తారు. తెర కింది భాగంలో ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక ఆయుధం ఉంటాయి, అంతే. నవలలో ‘నేను’ అంటూ కథ చెప్పే పాత్రకు ఇది దగ్గరి చుట్టం. కాకపోతే ఈ ‘నేను’ మాట్లాడేది తక్కువ, కాల్చేది ఎక్కువ. ఎదురైన ప్రతి మనిషినీ గురి చూసే కంటితో కథ చెప్పడం అయ్యే పనేనా? అయితే, ఆ కథ చెబుతున్నది ఎవరు?

నాకు తోచిన జవాబు ముందే చెబుతాను. ఈ ఆటల్లో కథ చెప్పేది నగరం. ఆ నగరానికీ మీ చేతిలోని తుపాకికీ సంబంధం ఉన్నంతసేపు కథ నిలబడుతుంది. ఆ సంబంధం తెగిన చోట ఎంత అందమైన నగరమైనా నాటకంలో వెనక కట్టిన తెరగా మిగిలిపోతుంది. బయోషాక్ ఆటల వరస ఈ రెండింటికీ ఉదాహరణే. అందుకే ఈ వ్యాసంలో సగం దాని గురించే.

మొదట్లో ఈ ఆటలకు కథ అక్కర్లేదనే అనుకున్నారు. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్‌ను విడుదల చేసింది. దానికోసం టామ్ హాల్ అనే డిజైనర్ పాత్రలతో, ప్రదేశాలతో పెద్ద కథా పత్రమే తయారుచేశాడు. తోటివాళ్ళు దాన్ని చాలావరకు పక్కనపెట్టారు. ఆట బయటికి రాకముందే హాల్ ఆ సంస్థ వదిలి వెళ్ళిపోయాడు. డూమ్ ప్రపంచాన్ని ఊపేసింది. వేగం, గురి, భయం చాలు, కథ అదనపు బరువు అన్న నమ్మకం చాలామందిలో గట్టిపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లుకింగ్ గ్లాస్ అనే మరో అమెరికన్ సంస్థలో కొందరు వేరే దారి వెతికారు. 1994లో వాళ్ళు చేసిన సిస్టమ్ షాక్‌లో మీరు అడుగుపెట్టేసరికి అంతరిక్ష కేంద్రంలో దాదాపు అందరూ చనిపోయి ఉంటారు. దీని వెనక ఒక సాంకేతిక కష్టం ఉంది. ఆనాటి కంప్యూటర్లలో నమ్మదగినట్టు మాట్లాడే మనిషిని సృష్టించడం కుదిరేది కాదు. బతికున్న పాత్ర రెండు మాటలు మాట్లాడగానే బొమ్మని తెలిసిపోయేది. అందుకని మనుషుల్ని తీసేసి, వాళ్ళు రికార్డు చేసుకున్న మాటల్ని మాత్రం అక్కడక్కడ వదిలారు. ఆడేవాళ్ళు ఆ గొంతులు వింటూ, గదులు చూస్తూ, ఏం జరిగిందో తామే పోగుచేసుకోవాలి. ఒక కొరతను దాటడానికి పట్టిన ఈ ఉపాయం తర్వాత పాతికేళ్ళ ఆటల కథన పద్ధతిని శాసించింది. 1999లో దీని రెండో భాగం చేసినవాళ్ళలో కెన్ లెవిన్ ఒకడు. కాలేజీలో నాటకం చదువుకుని ఆటల్లోకి వచ్చినవాడు. అతని పేరు మళ్ళీ వస్తుంది.

1998 నవంబరులో వాల్వ్ సంస్థ హాఫ్‌లైఫ్ తెచ్చింది. దాని కథ రాసింది మార్క్ లెయిడ్లా అనే నవలా రచయిత. అందులో కథ చెప్పడానికి ఆటను ఆపి సినిమా ముక్క చూపించరు. మొదటి నిమిషాల్లో మీరు ఒక రైలు పెట్టెలో కూర్చుని బ్లాక్ మెసా పరిశోధన కేంద్రం గుండా పనికి వెళుతుంటారు. కాల్చేదేమీ ఉండదు. చుట్టూ మనుషులు తమ పనుల్లో ఉంటారు. ఆ తర్వాత కూలిపోయేది ఈ చోటే కాబట్టి, కూలకముందు దాన్ని చూడనిచ్చారు.

ఆరేళ్ళ తర్వాత, 2004లో వచ్చిన హాఫ్‌లైఫ్ 2లో సిటీ 17 అనే నగరం ఉంది. దాని రూపకర్త విక్టర్ ఆంటొనోవ్ బల్గేరియా రాజధాని సోఫియాలో పుట్టినవాడు. తూర్పు యూరప్ నగరాల పాత భవనాలు, రైల్వేస్టేషన్లు, పెచ్చులూడిన అపార్టుమెంట్లు అతని చేతుల్లో పరాయి గ్రహవాసులు ఆక్రమించిన నగరంగా మారాయి. మీరు రైలు దిగేసరికి పెద్ద తెర మీద పాలకుడు డాక్టర్ బ్రీన్ ప్రజలకు హితబోధ చేస్తుంటాడు. కాస్త ముందుకెళితే దారికి అడ్డంగా ఒక పోలీసు నిలబడి, ఖాళీ డబ్బా ఒకటి కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వేయమంటాడు. వేస్తే నవ్వి దారి వదులుతాడు. వాడి మీదికే విసిరితే లాఠీ పట్టుకుని తరుముతాడు. మీ చేతిలో ఇంకా ఏ ఆయుధమూ లేదు. అణచివేత గురించి వంద వాక్యాలు చెప్పగలిగిన దానికంటే ఆ డబ్బా ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే వంగి దాన్ని తీసింది మీరే. ఆ నగరంలో మీ చేతికి మొదటి ఆయుధం అందే క్షణం కోసం మీరు ఎదురుచూస్తారు. తుపాకికీ నగరానికీ సంబంధం అని నేనన్నది ఇలాంటిదాన్నే.

ఇక బయోషాక్‌లోని సముద్రగర్భ నగరం రాప్చర్. కథ విప్పకుండా దీన్ని చర్చించడం సాధ్యం కాదు. ఆడదలచుకున్నవాళ్ళు ఇక్కడ ఆగి, ఆడి వచ్చాక చదవడం మంచిది.

2007 ఆగస్టులో విడుదలైన బయోషాక్ 1960లో మొదలవుతుంది. అట్లాంటిక్ మహాసముద్రం మీద విమానం కూలుతుంది. నీటి పైకి తేలిన జాక్ అనే యువకుడికి మంటల మధ్య ఒక లైట్‌హౌస్ కనిపిస్తుంది. లోపల సముద్రంలోకి దిగే గుండ్రటి ఇనుప వాహనం ఉంటుంది. అది దిగుతుండగా ఆండ్రూ రయాన్ గొంతు వినిపిస్తుంది. మనిషి చెమటోడ్చి సంపాదించింది పేదలకో, దేవుడికో, అందరికో ఎందుకు చెందాలని అడుగుతుందా గొంతు. తర్వాత కిటికీ తెరుచుకుంటుంది. నీలి చీకటిలో ఆకాశహర్మ్యాలు, నియాన్ బోర్డులు, వాటి మధ్య ఈదుతున్న తిమింగలం. 1930ల నాటి న్యూయార్క్ ఆర్ట్ డెకో భవనాల అందమంతా సముద్రం అడుగుకి దించారు. ఆటల చరిత్రలో ఇంత గొప్ప ప్రవేశం నేను మరోటి చూడలేదు.

రయాన్ విప్లవ కాలపు రష్యా నుంచి పారిపోయి అమెరికాలో కుబేరుడైనవాడు. అక్కడా పన్నులు, సంక్షేమం కనిపించేసరికి విసిగిపోయి, రాజ్యమూ మతమూ లేని నగరాన్ని సముద్రం అడుగున కట్టుకున్నాడు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి అమెరికాకు వలసపోయిన అయన్ ర్యాండ్ ఛాయ ఇందులో స్పష్టం. ఆమె 1957లో అట్లాస్ ష్రగ్డ్ రాసింది. ఆటలో రేడియోలో మీకు దారి చూపే మనిషి పేరు అట్లాస్. మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో ర్యాండ్ నవలలు చేతులు మారుతూ చదివినవాళ్ళకు ఈ నగరం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ నవలలు ఇచ్చిన వాగ్దానం నెరవేరాక ఏం జరుగుతుందో ఇక్కడ గోడగోడకీ రాసి ఉంది.

రాప్చర్ పతనాన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. కాశ్మీర్ అనే రెస్టారెంట్‌లోకి వెళితే పగిలిన గాజులు, కొత్త సంవత్సరం తోరణాలు, శవాలు కనిపిస్తాయి. అక్కడ దొరికే రికార్డులో డయాన్ అనే స్త్రీ ప్రియుడు రాలేదని ఒంటరిగా తాగుతూ బాధపడుతుంటుంది. ఆ ప్రియుడు రయానే. ఆమె మాట్లాడుతుండగానే పేలుడు వినిపిస్తుంది. 1958 చివరి రాత్రి మొదలైన అంతర్యుద్ధం మనకు అలా తెలుస్తుంది. ఆర్కేడియా అనే తోటలో చెట్లు నగరానికంతటికీ ఊపిరి. ఆ చెట్లున్న చోటికి వెళ్ళడానికీ అక్కడ డబ్బు కట్టాల్సి వచ్చేది. మతాన్ని తోసిపుచ్చిన ఆ నగరంలో బైబిళ్ళు దొంగచాటుగా దిగుమతయ్యేవి. స్వేచ్ఛా వాణిజ్యం గురించి జీవితమంతా మాట్లాడిన రయాన్, ఆ దొంగరవాణాకు మరణశిక్ష పెట్టాడు. చివరికి తన పోటీదారు ఫాంటెయిన్ కంపెనీని బలవంతంగా స్వాధీనం చేసుకున్నాడు. ఫాంటెయిన్ ఒక రికార్డులో ఈ నగరం గుట్టు విప్పుతాడు. ఇక్కడికొచ్చిన ప్రతివాడూ పరిశ్రమాధిపతి కావాలనే వచ్చాడు, మరుగుదొడ్లు కడిగేవాడు కూడా ఒకడుండాలని ఎవరూ ఆలోచించలేదంటాడు. ఆ కడిగేవాళ్ళకు అన్నం పెట్టి, వాళ్ళతోనే సైన్యం కట్టాడు.

మీ ఆయుధాల సంగతి చూద్దాం. ఆడమ్ అనే పదార్థం పెంకులేని ఒక సముద్రపు నత్త నుంచి వస్తుంది. దాన్ని ఎక్కించుకుంటే చేతి నుంచి మంటో మెరుపో పుట్టించే శక్తి వస్తుంది. ఆ శక్తుల పేరు ప్లాస్మిడ్లు. ఈ సరుకే రాప్చర్ జనాన్ని బానిసల్ని చేసి, పిచ్చివాళ్ళను చేసి, నగరాన్ని కూల్చింది. మీరు బతకాలంటే అదే సరుకును అవే యంత్రాల్లో కొనుక్కోవాలి. శవాల మధ్య నిలబడి, ఇంకా ఉత్సాహంగా ప్రకటనలు పాడుతున్న యంత్రంలో డాలర్లు వేసి తూటాలు కొంటారు. అంగడి మూతపడలేదు, కొనుగోలుదారు మీరొక్కరే. కాల్చడం ఇక్కడ కథకు బయటి పని కాదు. నగరాన్ని చంపిన వ్యాపారంలో మీరూ భాగమే.

ఆడమ్‌ను సేకరించేది చిన్నపిల్లలు. ఆట తయారీ తొలి దశల్లో ఆ స్థానంలో ఏవో చిన్న జంతువులుండేవి. వాటి మీద ఆడేవాళ్ళకు జాలి పుట్టదని గ్రహించి ఆడపిల్లల్ని పెట్టారు. వాళ్ళకు కాపలాగా డైవింగ్ సూట్ వేసుకున్న భారీ ఆకారాలు ఉంటాయి. ఆ కాపలావాణ్ణి చంపాక పిల్ల మీ చేతికి చిక్కుతుంది. చంపితే 160 ఆడమ్, బాగుచేసి వదిలితే 80. అయితే ముగ్గురిని వదిలితే ఒక కానుక వస్తుంది. అందులో మరో 200 ఆడమ్ ఉంటుంది. లెక్క వేసి చూడండి, చంపితే 480, వదిలితే 440. మంచితనానికి మూల్యం చెల్లించాలని భయపెట్టి, చివరికి దాదాపు మొత్తం తిరిగిచ్చేశారు. ఈ ఆటలో నాకు పెద్ద నిరాశ ఇక్కడే. పిల్లను వదిలిన ప్రతిసారీ నిజంగా బలహీనపడుతూ వెళ్ళి ఉంటే రయాన్ తత్వానికి మన చేతలే జవాబయ్యేవి.

ఆట మూడింట రెండు వంతులు నడిచాక రయాన్ గది వస్తుంది. అట్లాస్ ఇంతసేపూ మర్యాదగా ఒక చిన్న పదబంధం జోడించి పనులు చెబుతుంటే మీరు చేస్తూ వచ్చారు. ఏ ఆటలోనైనా అలాగే చేస్తాం. ఎవరో వెళ్ళమంటారు, వెళతాం. ఆ మర్యాద మాట జాక్ మెదడులో చిన్నప్పుడే నాటిన తాళమని, అది వినిపిస్తే కాదనే శక్తి అతనికి లేదని రయాన్ బయటపెడతాడు. విమానం కూల్చిందీ జాకే. తర్వాత రయాన్ తన గోల్ఫ్ కర్రను జాక్ చేతికిచ్చి, అదే మాటతో తనను చంపమంటాడు. ఆ క్షణంలో మీ కంట్రోలర్ పనిచేయదు. ఆపాలనుకున్నా ఆపలేరు. మనిషి ఎంచుకుంటాడు, బానిస లోబడతాడని నమ్మినవాడు తన చావును కూడా తానే ఎంచుకుని వెళ్ళాడు. ఇంతసేపూ స్వేచ్ఛగా ఆడుతున్నామనుకున్న మనకు మిగిలింది లోబడటం. నవల ఈ పని చేయలేదు, సినిమా చేయలేదు. పాఠకుడు హత్య చదువుతాడు, ప్రేక్షకుడు చూస్తాడు. ఇక్కడ మీటలు నొక్కుతూ వచ్చిన వేళ్ళే నిందితులవుతాయి.

ఆ ఏడాది అక్టోబరులోనే క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్ గట్టి విమర్శ రాశాడు. ఆట నియమాలు ‘నీ లాభం నువ్వు చూసుకో’ అంటాయి, పిల్లల్ని చంపే అవకాశమిస్తాయి. కథ మాత్రం అట్లాస్‌కు సాయం చేయక తప్పదంటుంది. ఒకటి స్వార్థాన్ని ఎంచుకోనిస్తే రెండోది ఏదీ ఎంచుకోనివ్వదు. ఆటకూ కథకూ మధ్య ఉన్న ఈ పొసగనితనానికి అతను పెట్టిన పేరు తర్వాత గేమ్ విమర్శలో నిత్యం వినిపించే మాటయింది. హాకింగ్ విమర్శలో సగం నాకు అంగీకారమే. ఎంపిక లేకపోవడానికి రయాన్ గది మంచి సమాధానం చెప్పింది. కానీ ఆ గది దాటాక ఇంకా ఎంతో ఆట ఉంది. తాళం తీసేశామంటారు, జాక్ స్వతంత్రుడంటారు. అయినా మీరు చేసేది అదే పని. అట్లాస్ స్థానంలో టెనెన్‌బామ్ అనే శాస్త్రవేత్త రేడియోలో చెబుతుంటుంది, మీరు వెళ్ళి తెస్తుంటారు. చివరికి ఒక రాక్షసాకారంతో మామూలు పోరాటం. తన సొంత ప్రశ్నకు భయపడి వెనక్కి తగ్గిన ఆటగా అది ముగుస్తుంది.

2010లో వేరే బృందం చేసిన బయోషాక్ 2ను చాలామంది అనవసరపు కొనసాగింపుగా తీసిపారేశారు. అది అన్యాయం. అందులో మీరే ఆ డైవింగ్ సూట్ కాపలావాడు, వెతుకుతున్నది మీ నుంచి వేరుచేసిన కూతురు ఎలినార్‌ను. దారిలో మీరు చిన్నపిల్లల పట్ల, దొరికిపోయిన శత్రువుల పట్ల ఎలా ప్రవర్తించారో ఆ కూతురు దూరం నుంచి గమనిస్తూ ఉంటుంది. చివర్లో ఆమె దయగలదవుతుందో క్రూరురాలవుతుందో మీ చేతలను బట్టే. మొదటి ఆట ఆడమ్ లెక్కల్లో పోగొట్టుకున్నదాన్ని ఈ ఆట ఒక బిడ్డ స్వభావంలో తిరిగి పట్టుకుంది.

2013 మార్చిలో లెవిన్ బృందం బయోషాక్ ఇన్ఫినిట్ తెచ్చింది. ఇప్పుడు కాలం 1912, నగరం కొలంబియా, చోటు ఆకాశం. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన తెల్లటి భవన సముదాయం దీనికి మాతృక. బెలూన్ల మీద, యంత్రాల మీద తేలే వీధులు, ఎండ, పూలు, చర్చి పాటలు. బుకర్ డెవిట్ అనే మాజీ సైనికుడు అప్పు తీర్చుకోవడానికి, బురుజులో బందీగా ఉన్న ఎలిజబెత్‌ను తీసుకెళ్ళడానికి వస్తాడు. మొదటి అరగంట ఎవరూ ఎవరినీ కాల్చరు. జాతర తిరుగుతారు. ఆ జాతరలో లాటరీ తీస్తారు, మీ నంబరు తగులుతుంది, బహుమతిగా బేస్‌బాల్ బంతి చేతికిస్తారు. తెర లేస్తుంది. వేదిక మీద కట్టేసిన జంట, నల్లజాతి స్త్రీ, తెల్లజాతి పురుషుడు. మొదటి బంతి మీది. ఆ పూలన్నీ దేని మీద పూశాయో అప్పుడు అర్థమవుతుంది. సిటీ 17లోని డబ్బా తర్వాత ఒక షూటర్‌లో నగరం ఇంత సూటిగా మాట్లాడిన క్షణం ఇదే.

తర్వాతే చిక్కు. ఆ క్షణం దాటగానే కాల్పులు మొదలై ఇక ఆగవు. కొలంబియా జనంతో మాట్లాడే వీలు ఉండదు. వాళ్ళు మిమ్మల్ని చూడనట్టు నడుస్తారు, లేదా మిమ్మల్ని చంపడానికి వస్తారు. ఫింక్ అనే యజమాని ఫ్యాక్టరీ దగ్గర ఒక దృశ్యం ఉంది. పని కోసం గుమిగూడిన కూలీల ముందు వేలం జరుగుతుంది, ఎవరు తక్కువ సమయంలో చేస్తానంటే పని వాళ్ళది. తెల్లవారుజామున మన ఊళ్ళలో లేబర్ అడ్డా దగ్గర మేస్త్రీ చుట్టూ మూగే మనుషుల్ని చూసినవాళ్ళకు ఆ దృశ్యం పరాయిది కాదు. కానీ బుకర్ అక్కడ చేయగలిగింది ఏమీ లేదు, చూసి ముందుకు పోవడమే. ప్లాస్మిడ్ల స్థానంలో ఇక్కడ అలాంటివే సీసాల్లో దొరుకుతాయి. రాప్చర్‌ను కూల్చిన సరుకు కొలంబియా బతుకును మాత్రం ఏమీ మార్చినట్టు కనిపించదు. చేతిలోని శక్తికీ నగరానికీ లంకె తెగింది.

అంతకంటే నొప్పించేది డెయిజీ ఫిట్జ్‌రాయ్ కథ. పీడితుల తిరుగుబాటును నడిపే నల్లజాతి స్త్రీ ఆమె. తిరుగుబాటు గెలిచే వేళకు ఆమె ఒక పసివాడి తల మీద తుపాకి పెడుతుంది, ఎలిజబెత్ ఆమెను చంపుతుంది. యజమానులూ వాళ్ళ మీద తిరగబడ్డవాళ్ళూ ఒకటేనని బుకర్ తేల్చేస్తాడు. వంద గంటలు వివక్షను చూపించినా పోని తప్పు ఇది. 2014లో వచ్చిన అనుబంధ కథలో డెయిజీ అలా నటించిందని, ఎలిజబెత్‌ను మార్చడానికి అదంతా అవసరమైందని సర్దిచెప్పే ప్రయత్నం చేశారు. దాంతో ఒక నల్లజాతి నాయకురాలి చావు ఒక తెల్లజాతి అమ్మాయి ఎదుగుదలకు మెట్టుగా మారింది. సమస్య ఇంకా పెరిగింది. చివరి గంటలో ఆట సమాంతర లోకాల్లోకి, అంతులేని లైట్‌హౌస్‌ల మధ్యకి వెళ్ళిపోతుంది. ఆ మలుపు తెలివైనదే, అందమైనదే. బుకర్ ఎవరో తేలుతుంది. కొలంబియా ఏమైందన్న ప్రశ్న మాత్రం దారిలో జారిపోయింది. నగరంతో మొదలైన కథ ఒక్క మనిషి పాపంగా కుంచించుకుపోయింది.

ఇన్ఫినిట్‌కు ఆర్నెల్ల ముందే, 2012 అక్టోబరులో, ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కేన్ సంస్థ డిసానర్డ్ విడుదల చేసింది. దీన్ని కచ్చితంగా షూటర్ అనలేం. నక్కి నడవడం, కత్తి, మాయ కలిసిన ఆట. అయినా ఈ చర్చకు ఇది కావాలి. నగరం పేరు డన్‌వాల్. అది లండన్, ఎడిన్‌బరో నగరాల పోలికలతో, తిమింగల నూనెతో నడిచే యంత్రాలతో ఉంటుంది. రూపకల్పనలో ఆంటొనోవ్ చెయ్యి ఉంది. ఎలుకల వల్ల ప్లేగు వ్యాపించింది. మీరు రాణిని చంపాడన్న నింద మోస్తున్న అంగరక్షకుడు. పగ తీర్చుకోవడానికి ప్రతివాణ్ణీ చంపవచ్చు, ఒక్కణ్ణీ చంపకుండా కూడా ఆట పూర్తిచేయవచ్చు. శవాలు పెరిగితే ఎలుకలు పెరుగుతాయి, రోగులు పెరుగుతారు, కాపలా పెరుగుతుంది. మీరు కాపాడుతున్న చిన్నారి ఎమిలీ వేసే బొమ్మలు కూడా చీకటి పట్టిపోతాయి. మిమ్మల్ని పడవలో తిప్పే ముసలి శామ్యూల్, మీరు మరీ నెత్తుటి మనిషైతే చివరి ప్రయాణంలో అసహ్యం దాచుకోడు. దిగబెట్టి, తుపాకి గాల్లోకి పేల్చి మీరొచ్చారని శత్రువులకు తెలియజేస్తాడు. హాకింగ్ ఎత్తిచూపిన పొసగనితనానికి నాకు తెలిసిన మంచి జవాబు ఇది. మీ చేతిలో ఆయుధం ఉంది, దాని లెక్క నగరం రాసుకుంటోంది.

ఉక్రెయిన్ సంస్థ 4ఏ గేమ్స్ 2010లో చేసిన మెట్రో 2033 మరింత పొదుపుగా ఆ పని చేసింది. అణుయుద్ధం తర్వాత మాస్కోలో మిగిలినవాళ్ళు భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకుంటారు, ఒక్కో స్టేషనూ ఒక్కో చిన్న రాజ్యం. ఆధారం రష్యన్ రచయిత ద్మిత్రి గ్లుఖోవ్‌స్కీ నవల. ఆ లోకంలో యుద్ధానికి ముందు తయారైన మేలురకం తూటాలే డబ్బు. ఆపదలో వాటినే కాల్చవచ్చు, కాల్చితే మీ సంపాదన కాల్చినట్టే. ఒక్క నియమంతో ఆ నగరపు పేదరికం మీ వేలికి తగులుతుంది. ఉక్రెయిన్ మీద యుద్ధాన్ని ఖండించినందుకు గ్లుఖోవ్‌స్కీకి 2023లో మాస్కో కోర్టు, ఆయన దేశంలో లేకుండానే, ఎనిమిదేళ్ళ జైలుశిక్ష వేసింది. ఈ కథల్లోని నగరాలు ఊహల్లోవి, రాసేవాళ్ళు కాదు.

తుపాకిని పూర్తిగా వదిలేసినవాళ్ళూ ఉన్నారు. బయోషాక్ 2కు అనుబంధంగా మినర్వాస్ డెన్ అనే చక్కటి చిన్న కథ చేసిన వాళ్ళలో కొందరు బయటికి వచ్చి 2013లో గాన్ హోమ్ చేశారు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో ఒక ఖాళీ ఇల్లు, 1995, వాన రాత్రి. ఉత్తరాలు, క్యాసెట్లు, సొరుగులు. కాల్చడానికి ఎవరూ లేరు, చేతిలో ఏమీ లేదు. రాప్చర్‌లో నేర్చుకున్న విద్యంతా ఒక కుటుంబం మీద పెట్టారు. దీన్ని చూపించి, కథ కావాలంటే తుపాకి పోవాలని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. గాన్ హోమ్ మంచి ఆట, కానీ ఆ ఇంట్లో మీరు చూసేవాళ్ళే తప్ప చేసేవాళ్ళు కారు. రయాన్ గదిలో పడ్డ దెబ్బ, డన్‌వాల్‌లో పెరిగిన ఎలుకలు, మీ చేతికి హాని చేయగల శక్తి లేకపోతే పుట్టేవి కావు.

పెద్ద బడ్జెట్ ఉంటే చాలు, ఈ పని అయిపోతుందనుకోవడమూ పొరపాటే. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదల చేసింది. నైట్ సిటీ అనే ఆ మహానగరం విస్తీర్ణంలో, వెలుగుల్లో పైవాటన్నిటినీ మించింది. లోపాల వల్ల సోనీ కొద్ది రోజులకే దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, తిరిగి రావడానికి ఆర్నెల్లు పట్టింది. తర్వాతి ఏళ్ళలో చాలా బాగుచేశారు, అందులోని కొన్ని పాత్రలు మనసులో నిలిచిపోతాయి. అయినా వీధిలో నడిచే వేలమందికి మీ రాకపోకలతో పనిలేదు. నేను ఆ నగరంలో మనుషుల్ని గుర్తుపెట్టుకున్నాను, వీధులను గుర్తుపెట్టుకోలేదు.

ఇన్ఫినిట్ తర్వాత ఏడాది తిరక్కుండానే, 2014 ఫిబ్రవరిలో, లెవిన్ తన ఇర్రేషనల్ గేమ్స్‌ను దాదాపు మూసేశాడు. పదిహేనుమందిని మాత్రం ఉంచుకున్నాడు. ఆ చిన్న బృందం 2022 డిసెంబరులో జూడాస్ అనే కొత్త ఆటను ప్రకటించింది. మరో బయోషాక్ తయారీ వేరే స్టూడియోకి అప్పగించినట్టు ప్రచురణ సంస్థ 2019లోనే చెప్పింది. ఆంటొనోవ్ 2025లో చనిపోయాడు. సిటీ 17, డన్‌వాల్ రెండూ గీసిన ఆ చెయ్యి ఈ రంగానికి ఎంత ఇచ్చిందో ఇంకా లెక్కగట్టాల్సి ఉంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. నగరం గొప్పతనంలో రాప్చర్‌ను మించింది రాలేదు. చేతలకూ నగరానికీ లంకె కట్టడంలో డన్‌వాల్ దాన్ని దాటిపోయింది. కొలంబియా మొదటి గంట అద్భుతం, మిగతాది వృథా అయిన అవకాశం. షూటర్‌లో కథ చెప్పడం సాధ్యమే, దానికి రాసేవాళ్ళు తుపాకిని తప్పించుకోలేని అవసరంగా కాక కథలో పాత్రగా చూడాలి.

ఎప్పుడూ ఇలాంటి ఆట ఆడని పాఠకులకు ఒక సలహా. మొదటి బయోషాక్‌తో మొదలుపెట్టండి. 2016లో మూడు ఆటలూ కలిపి ఒకే సంపుటిగా మళ్ళీ విడుదల చేశారు, ఇప్పుడు దొరకడం కష్టం కాదు. ఇది పెద్దవాళ్ళ ఆట, ఇంట్లో పిల్లల ముందు ఆడకండి. కంట్రోలర్ అలవాటు లేకపోతే తేలిక స్థాయి ఎంచుకోండి, అందులో నామోషీ లేదు. రికార్డులను దాటేయకుండా వినండి, గోడల మీది పోస్టర్లు చదవండి, తొందరపడకండి. ఆడాక మీకేమనిపించిందో తెలుగులో రాయండి. నా తీర్పుతో విభేదిస్తే ఇంకా మంచిది, ఈ చర్చ మన భాషలో మొదలుకావడం అవసరం.